ఫిల్టర్ డబ్బా మీద మఖమల్ గలీబు

కరోనాకు మూసిన బడులు తెరిచిన రెండో ఏడు, జూన్ నెలలో, నన్ను కరీంనగర్ దగ్గరి ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్ పోస్టు నుంచి డిప్యుటేషన్ మీద పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఒక విద్యా కార్యాలయానికి పంపారు. ఆ పాత జిల్లా ఇప్పుడు నాలుగు జిల్లాలు. అందులో ఏది అన్నది ఈ జ్ఞాపకానికి అవసరం లేదు కనుక రాయడం లేదు. ఉత్తర్వులో నా హోదా సాంకేతిక సమన్వయకర్త. ఈ హోదాకు అదనపు జీతం లేదు. కుర్చీ ఉంది. దాని మీద టర్కీ తువాలు వేసే అర్హత మాత్రం గెజిటెడ్ వాళ్లకే అని మొదటి రోజే సూపరింటెండెంటు గారు మర్యాదగా తెలియజేశారు.

నేను కంప్యూటర్ చదువు చదవలేదు. ఆ మాటకొస్తే పదో తరగతి దాకా బడికే పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువ. బడి దుమ్ము పడదని డాక్టరు అంటే మా అబ్బా, అమ్మీ నన్ను ఇంట్లోనే చదివించి ప్రైవేటుగా పరీక్షకు కట్టించారు. అబ్బాకు కరీంనగర్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం. లెక్క చేసి జవాబు చెబితే ఆయన పలక వైపు చూసేవారు కాదు. "కర్‌కే దిఖా బేటా" అనేవారు. చేసి చూపించు, అప్పుడు నమ్ముతా అని. అమ్మీ నా ఉబ్బసానికి భయపడి ఇంట్లో ప్రతి వస్తువుకూ గలీబు కుట్టేది. కుట్టుమిషనుకు, టిఫిన్ డబ్బాకు, గోడ గడియారానికి కూడా. గడియారానికి ముఖం వైపు రంధ్రం పెట్టింది కనుక టైము తెలిసేది. అల్లా దయవల్ల ఆ ఇద్దరి చేతుల్లో పెరిగాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ ఇంట్లో నేర్చుకున్న దాని మీద పేర్చుకున్నదే.

కార్యాలయంలో నా పని బడుల ఇంటర్నెట్ చూసుకోవడం. అప్పటికే చాలా బడులకు ఫిల్టర్ డబ్బాలు వచ్చాయి. టిఫిన్ డబ్బా అంత ఉండే ఈ పెట్టెను బయటి నుంచి వచ్చే లైనుకూ బడి కంప్యూటర్లకూ మధ్య పెడతారు. పిల్లలు తెరిచే ప్రతి పేజీ దీని గుండానే రావాలి. జూదం, బూతు, మోసపు ప్రకటనలు, వైరస్ ఉన్న ఫైళ్లు ఇది గుమ్మం దగ్గరే ఆపుతుంది. ప్రతి డబ్బా తాను బతికే ఉన్నానని కొద్దిసేపటికొకసారి మా కార్యాలయానికి చెబుతుంది. చెబితే నా కంప్యూటర్ తెర మీద ఆ బడి పేరు పక్కన పచ్చ చుక్క. చెప్పకపోతే ఎర్ర చుక్క.

ఇంకొక్కటి చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. డబ్బా పని ఆపేస్తే ఏం జరగాలన్నది అమర్చేటప్పుడే నిర్ణయిస్తారు. లైను కూడా ఆగిపోవచ్చు, లేదా ఫిల్టర్ లేకుండానే లైను సాగవచ్చు. మొదటిది క్షేమం. రెండోది సౌకర్యం. కొండ ప్రాంతపు బడుల్లో అమర్చిన కుర్రవాళ్లు రెండోదే ఎంచుకున్నారు. లైను ఆగితే హెడ్మాస్టర్లు ఫోను చేస్తారు, ఘాటు రోడ్డు ఎక్కి పోవాలి. ఫిల్టర్ ఆగితే ఎవరూ ఫోను చేయరు.

మరుసటి మార్చి నెలాఖరులో, ఒంటిపూట బడులు మొదలైన తర్వాత, హైదరాబాద్ నుంచి ఒక పర్యవేక్షణ బృందం వచ్చింది. జైనూర్ వైపు కొండల్లో ఒక ప్రభుత్వ బాలికల విద్యాలయానికి వెళ్లింది. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు కనుక ఒంటిపూట రోజుల్లోనూ మధ్యాహ్నం క్లాసులు జరుగుతాయి. జీవశాస్త్రం టీచరు జంగుబాయి తొమ్మిదో తరగతికి తెర మీద కప్ప గుండె చూపిస్తోంది. బృందం పెద్ద లోపల అడుగుపెట్టిన క్షణాన కప్ప పోయి, తెర నిండా ఒక యువతి ప్రత్యక్షమైంది. వేసవికి తగిన దుస్తుల్లో ఉంది. పేక ముక్కలు పంచుతూ, ఆడి గెలవమని ఆహ్వానిస్తోంది.

"ఇదేం పాఠం?" అని ఆయన అడిగారట.

ముందు బెంచీ పిల్ల లేచి నిలబడి, "కప్ప గుండె సార్" అన్నదట.

సాయంత్రానికి మా జిల్లా అధికారికి ఫోను వచ్చింది. ఆయన నన్ను పిలిచి నా తెర మీద ఆ బడి చుక్క చూపమన్నారు. చూపాను. కరెంటు కోత అనుకుని నేను పట్టించుకోలేదు కాని, నెలకు పైగా ఒకే తీరు. పొద్దున పచ్చ, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎరుపు, పొద్దు గూకే వేళకు మళ్లీ పచ్చ. చూసినవాళ్లు ఎవరైనా ఒకే మాట అంటారు, ఆయనా అదే అన్నారు.

"ఎవలో రోజూ పగటీలి తీస్తుండ్రు, పొద్దుమీకి పెడుతుండ్రు. కంప్యూటర్ రూము తాళం ఎవల తాన ఉంటది?"

తాళం జంగుబాయి దగ్గర ఉంటుంది. ఆమె ఒప్పంద ఉపాధ్యాయిని. ఇలాంటివారి సేవలు ప్రతి ఏప్రిల్‌లో ముగుస్తాయి, జూన్‌లో అధికారి సంతకంతో మళ్లీ మొదలవుతాయి. పర్మినెంటు టీచరును తీసేయాలంటే సస్పెన్షను, చార్జిషీటు, విచారణ, అప్పీలు అని ఏళ్లు పడుతుంది. ఒప్పంద టీచరును తీసేయడానికి ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. సంతకం చేయకుండా ఉంటే చాలు. ఆ గూడేల నుంచి బి.ఇడి. చదివి అదే బడిలో పాఠం చెబుతున్న మొదటి మనిషి జంగుబాయి. ఆ ఉద్యోగం పోతే ఆమెకు కొండ మీద ఇంకో ఉద్యోగం లేదు. నన్ను విచారణాధికారిగా వేసి, ఏప్రిల్ జాబితాలు పైకి పోయేలోగా నివేదిక ఇమ్మన్నారు.

ఆఫీసు జీపులో వెళ్లాను. ఇలాంటి విద్యాలయపు పెద్దను హెడ్మాస్టరు అనరు, స్పెషల్ ఆఫీసర్ అంటారు. అక్కడి స్పెషల్ ఆఫీసర్ అనసూయ మేడం గేటు దాకా ఎదురొచ్చారు. శుభ్రతకు అవార్డు తీసుకున్న మనిషి. వరండాలో చెప్పుల వరుసను చూస్తే గీత గీసి పెట్టారా అనిపించింది.

"మా బడిల డబ్బ మీద దుమ్ము నలుసు కనబడితే నా ఉద్యోగం తీసేయుండ్రి మేడం" అన్నారు. "గా జంగుబాయి పిల్లను ఏమనకుండ్రి. చీమకు గూడ అపకారం చెయ్యది."

విచారణ పద్ధతి ప్రకారం ఆమెను బయట ఉండమని, జంగుబాయిని కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టాను. రేకుల కప్పు గది, గోడలకు కొత్త సున్నం. నేను ఆరోపణ చదవడం పూర్తి కాకముందే ఆమె అన్నది.

"నేనే తీసిన మేడం. రాసుకోండ్రి."

ఎందుకు అని అడిగాను.

"సినిమాలు చూసెతందుకు."

ఏ సినిమాలు అని అడిగాను. ఆమె కొంచెం ఆలోచించి, "అన్ని" అన్నది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చదివి వినిపించాను. సంతకం చేసింది. విచారణాధికారులకు ఇంతకంటే సుఖమైన రోజు ఉండదు. వెంటనే జీపెక్కితే చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. కాని అబ్బా ఇంట్లో పెరిగిన మనిషికి పని అక్కడితో ముగియదు. జవాబు వచ్చింది, లెక్క ఇంకా చూడలేదు.

"ఎట్ల తీసినవో ఒకసారి తీసి చూపెట్టు బిడ్డా" అన్నాను.

ఆమె లేచింది. మూల బల్ల మీద మెరూన్ రంగు మఖమల్ గలీబు కప్పిన డబ్బా ఉంది. దాని పక్కన లైను వచ్చే మోడెం. ఆమె రెండింటినీ చూసి, మోడెం తీగ పట్టి లాగింది.

"గిట్ల."

గదిలోని అన్ని కంప్యూటర్లకూ ఇంటర్నెట్ పోయింది. ఇప్పుడు సినిమా పెట్టమన్నాను. ఆమె మీటలు నొక్కి, కాసేపు తెర వైపు చూసి, నా వైపు చూసింది. ఫిల్టర్ లేకుండా ఇంటర్నెట్ రావాలంటే మోడెం జోలికి పోకుండా డబ్బా ఒక్కదాన్నే ఆపాలి. అది ఆమెకు తెలియదు. తెలియని పనిని నెల రోజులకు పైగా చేశానని సంతకం పెట్టింది.

"ఎవలను కాపాడుతున్నవ్?" అని అడిగాను.

ఆమె మోడెం తీగను బల్ల మీద పెట్టింది. తర్వాత చెప్పింది. గది ఊడ్చేది తొమ్మిదో తరగతి పిల్లలు. మధ్యాహ్నం అన్నం తిన్నంక తాళం చెవి వాళ్లే తీసుకుపోతారు. ఈ ఎర్ర చుక్క సంగతి బృందం వచ్చిన నాటి రాత్రి స్పెషల్ ఆఫీసరుకు ఫోను వస్తే ఆమెకు తెలిసింది. తెలిసిన వెంటనే వాళ్లే ఏదో తీసి ఉంటారనుకుంది.

"వాళ్ల పేరు పడితే టీసీలు చేతుల పెట్టి తోలుతరు మేడం. ఇంటికి పోయిన పోరి మళ్ల బడికి రాది. పెండ్లి చేస్తరు. నాకైతె చదువు అయిపోయింది గదా."

పిల్లలను అడిగావా అంటే లేదన్నది. "అడిగితె నిజం చెప్తరు. నిజం తెలిస్తె నేను చెప్పాల్సొస్తది."

నేను ఏమీ రాయకుండా కలం మూశాను. మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళైంది. బడి మొత్తంలో అంత శుభ్రమైన చోటు మరొకటి లేదు కనుక, ఆమెను తినిరమ్మని పంపి, మోడెం తీగ మళ్లీ పెట్టి, ఆ గది మూలనే నమాజు చేసే గుడ్డ, జానిమాజ్ పరిచాను. మొదటి రకాతు సవ్యంగా జరిగింది. రెండో రకాతులో నుదురు నేలకు ఆన్చి సజ్దా చేసినప్పుడు ఒక వాసన వచ్చింది. వెచ్చబడిన మఖమల్ వాసన, దాని కింద కాగిన ప్లాస్టిక్ వాసన. నాకు ఆ వాసన పలక పట్టిన వయసు నుంచీ తెలుసు. అమ్మీ కుట్టిన గలీబు తీయకుండా ఎవరైనా రేడియో పెడితే ఇల్లంతా ఇదే వాసన. అబ్బా దుకాణం నుంచి వచ్చి గుమ్మంలోనే పట్టేసేవారు. "ముసుగేసి పాట పాడమంటే ఎట్ల పాడుతది?" అని గలీబు తీసి పక్కన పెట్టేవారు. అమ్మీ మళ్లీ కప్పేది. ఈ విషయంలో వారి మధ్య ఒప్పందం చివరిదాకా కుదరలేదు.

నమాజులో ధ్యాస చెదిరింది. క్షమించమని వేడుకుని, తొందరపడకుండానే ముగించి, లేచి డబ్బా మీద చేయి పెట్టాను. ఎక్కువసేపు పెట్టలేకపోయాను.

గలీబు చాలా శ్రద్ధగా కుట్టారు. లోపల దూది పొర, అంచులకు చమ్కీలు, తీగల కోసం వెనక చిన్న రంధ్రం. గాలి పోవడానికి మాత్రం ఎక్కడా సందు లేదు. పైన రేకుల కప్పు, బయట మార్చి ఎండ. పొద్దున డబ్బా చల్లగా ఉంటుంది, పని చేస్తుంది. మధ్యాహ్నానికి కాగి, తనను తాను కాపాడుకోవడానికి పని ఆపేస్తుంది. లైను ఫిల్టర్ లేకుండా సాగుతుంది. సాయంత్రం చల్లబడి మళ్లీ లేస్తుంది. నేను గలీబు తీసి, తలుపు తెరిచి, కూర్చుని చూశాను. కొంతసేపటికి డబ్బా దీపం ఎరుపు నుంచి పచ్చకు మారింది.

అనసూయ మేడంను పిలిచి గలీబు ఎప్పుడు కుట్టారని అడిగాను.

"శివరాత్రి అయినంక. కుట్టుపని క్లాసుల పోరీలతోని కుట్టిచ్చిన. మంచిగుంది గదా మేడం? సర్క్యులర్ల కవర్ ఎయ్యమన్నరు. ప్లాస్టిక్ కవర్ ఏం శోభ ఉంటదని మఖమల్ తెప్పిచ్చిన."

ఎర్ర చుక్కలు మొదలైందీ శివరాత్రి తర్వాతే. జంగుబాయి గుమ్మంలో నిలబడి వింటోంది.

"అయితే ఎవ్వలు తీయలేదా మేడం?"

"ఎవ్వలు తీయలే."

"మా పోరీలు గూడ?"

"మీ పోరీలు కుట్టిండ్రు. గంతే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, నా చేతిలో ఉన్న తన వాంగ్మూలం వైపు చూసింది. చించేయమని అడగలేదు. అడిగినా నేను చించలేను. విచారణలో తీసుకున్న కాగితం విచారణాధికారి సొత్తు కాదు, ఫైలు సొత్తు. నేను చేయగలిగింది దాని కిందే రెండో వాంగ్మూలం రాయించడం, చేసి చూపమన్నప్పుడు ఏం జరిగిందో వివరంగా చేర్చడం. రెండూ చేశాను. గలీబును సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటున్నానని అంటే అనసూయ మేడం ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఉతికి ఇస్తానన్నారు. వద్దన్నాను.

జిల్లా అధికారి నా నివేదికలో మొదటి కాగితం చదివి అక్కడే ఆగారు.

"ఒప్పుకున్నది గద మేడం. సంతకం గూడ పెట్టింది. ఇంక మిగతాది ఎందుకు రాసిండ్రు?"

మిగతాది చదవమని కోరాను. చదివారు. నమ్మలేదు. గుడ్డ కప్పితే ఇంటర్నెట్‌కు బూతు ఎట్లా వస్తదని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. మన కార్యాలయంలోనూ అదే కంపెనీ డబ్బా, అదే అమరిక ఉందని, అనుమతిస్తే ఇదే గలీబు దానికి తొడిగి చూద్దామని చెప్పాను.

"తొడుగుండ్రి. కాలిపోతే మీ పూచీ."

డబ్బా సూపరింటెండెంటు గారి గదిలో బీరువా మీద ఉంది. గలీబు తొడిగాను. సరిగ్గా పట్టింది. అధికారి తన గదిలో కూర్చుని, పరీక్ష నిమిత్తం క్రికెట్ స్కోరు పేజీని అప్పుడప్పుడూ తెరవడానికి ప్రయత్నించారు. పని వేళల్లో ఆటల పేజీలను మా ఫిల్టర్ ఆపుతుంది. ఈ ఆంక్షను కార్యాలయంలో అందరికంటే బాగా ఎరిగినవారు ఆయనే అని ఆ రోజే నాకు తెలిసింది. భోజనాల వేళ దాటింది. ఆ గదికి కూలరు లేదు. సూపరింటెండెంటు గారు విసనకర్రతో తనకు విసురుకుంటూ, మధ్యమధ్య డబ్బా వైపు కూడా విసరబోతుంటే వారించవలసి వచ్చింది.

ఉన్నట్టుండి అధికారి గదిలోంచి కేక వినిపించింది.

"వికెట్ పడ్డది!"

నా తెర చూశాను. మా కార్యాలయం చుక్క ఎర్రగా ఉంది.

ఆయన నన్నూ సూపరింటెండెంటు గారినీ లోపలికి పిలిచారు. స్కోరు పేజీ మూయకుండానే అడిగారు.

"కవర్ ఎయ్యుమని బడులకు ఎవలు చెప్పిండ్రు?"

"మన సర్క్యులర్ సార్" అన్నాను. "దుమ్ము, నీరు, పిల్లల చేతులు తగలకుండా తగిన కవరు ఏర్పాటు చేయవలెను అని ఉంది."

"సంతకం?"

"మీదే సార్."

"సంతకం నాదే. రాసిందెవలు?"

సూపరింటెండెంటు గారు, పాత కంప్యూటర్ల సర్క్యులర్ చూసి రాశామని, ఆ కంప్యూటర్లు కవర్ల కిందే క్షేమంగా ఉన్నాయని విన్నవించారు. అది నిజమే. వాటిని ఎవరూ ఎప్పుడూ ఆన్ చేయలేదు.

అధికారి జంగుబాయి మొదటి వాంగ్మూలం మళ్లీ తీశారు. "తీయకుండనే తీసిన అని రాసిచ్చుడేంది? తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు మెమో ఇయ్యొద్దా?"

ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. అదే చెప్పాను. "ఇయ్యొచ్చు సార్. మెమోకు ఆమె సంజాయిషీ రాస్తది. సంజాయిషీల డబ్బ ఎందుకు ఆగిందో రాయాలె. అది రాస్తె కవర్ సంగతి వస్తది, కవర్ వెంబడి సర్క్యులర్ వస్తది. ఫైలు హైదరాబాద్ పోతది."

ఆయన వాంగ్మూలాన్ని తిరిగి ఫైలులో పెట్టేశారు.

"ఛాయ్ తాగుతరా మేడం?" అన్నారు.

తాగాను. ఆ రోజు ఛాయ్‌కు కూడా శుక్రియా చెప్పుకున్నాను. రంజాన్ నెల రోజాలు, పగటి ఉపవాసాలు, పోయిన వారమే ముగిశాయి.

జూన్‌లో జంగుబాయి సేవలు మిగతావారి సేవలతో పాటే కొనసాగాయి. ఉత్తర్వులో ఆమె గురించి ప్రత్యేకంగా ఏమీ లేదు. ఒప్పంద ఉద్యోగికి అంతకంటే మంచి ఉత్తర్వు ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లలందరూ పదికి వచ్చారు. ఫిల్టర్ ఆగితే లైను కూడా ఆగేలా అన్ని డబ్బాల అమరిక మార్పించాను. అప్పటి నుంచి హెడ్మాస్టర్ల ఫోన్లు ఆగలేదు. డబ్బాలకు గుడ్డ, ప్లాస్టిక్, తువాలు, ఏ కవరూ కప్పరాదని రెండో సర్క్యులర్ వెళ్లింది. వారం తిరక్కుండానే జిల్లా తెర మీద మధ్యాహ్నపు ఎర్ర చుక్కలు చాలావరకు మాయమయ్యాయి. అంటే గలీబులు ఆ ఒక్క బడిలోనే లేవన్నమాట. డబ్బాను అట్టపెట్టెలోంచే తీయని బడుల్లో మాత్రం మార్పేమీ కనిపించలేదు.

గలీబును తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు. అది సాక్ష్యం. ఫైలులోనే ఉంచి నాడాతో కట్టారు. దూది పొర వల్ల ఆ ఫైలు ఎప్పుడూ సరిగా మూసుకోలేదు. రికార్డు ప్రకారం మూసివేయబడింది. అనసూయ మేడం కార్యాలయానికి వచ్చినప్పుడల్లా దాని యోగక్షేమాలు అడిగేవారు. నేను పదవీ విరమణ చేసే నాటికి అది ఆ ఫైలుతో పాటే సూపరింటెండెంటు గారి బీరువాలో ఉంది.

నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవారు విచారణలో ముఖ్యంగా చూడవలసినది ఏమిటని అడిగితే ఒకటే చెప్పాను. చేయలేదన్నవారిని అందరూ ప్రశ్నిస్తారు. చేశానన్నవారిని ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే ఫైలు మూసుకుంటుంది. వారిని కూడా కూర్చోబెట్టి, ఆ పని ఎట్లా చేశారో చేసి చూపించమని అడగాలి. చేసి చూపించలేకపోతే, మొదటి కాగితం కింద రెండో కాగితం పెట్టాలి. ఆ తర్వాత డబ్బా మీద చేయి పెట్టి చూడాలి.